హెపాటికోజెజునాస్టమీ తర్వాత నల్ల విరేచనం: స్కోప్ ఎప్పుడు వేయాలి, ఎప్పుడు వేయకూడదు?

శస్త్ర_రెసిడెంట్

అందరికీ నమస్కారం. కోలిడోకల్ సిస్ట్ (పుట్టుకతో ఉబ్బిన పైత్యనాళం) తీసేసి రూ-ఎన్-వై హెపాటికోజెజునాస్టమీ (పైత్యనాళాన్ని నేరుగా చిన్నపేగుకు కుట్టడం) చేసినప్పుడు గానీ, గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో దెబ్బతిన్న పైత్యనాళాన్ని బాగుచేసినప్పుడు గానీ ఆ తర్వాత పేగులోకి రక్తం కారితే ఏం చేయాలి? పుస్తకాల్లో ‘ఎండోస్కోపీ, యాంజియోగ్రఫీ, లేదా మళ్ళీ పొట్ట తెరవడం’ అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తున్నారు. ఈ మూడింట్లో ముందు ఏది? మామూలు గ్యాస్ట్రోస్కోప్ అక్కడిదాకా చేరుతుందా? మూడు నాలుగు రోజుల కుట్ల మీదుగా స్కోప్ తోస్తే అవి విడిపోవా? చేరాక క్లిప్ వేయాలా, ఇంజెక్షన్ ఇవ్వాలా, కాల్చాలా? అనుభవం ఉన్నవాళ్ళు వివరంగా రాయండి.

కుట్టుపని

ముందు ఆపరేషన్ బొమ్మ కాగితం మీద గీసుకోండి. అది లేకుండా ఎండోస్కోపీ వాళ్ళకు ఫోన్ చేయొద్దు.

పొట్ట, డ్యుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) మామూలుగానే ఉంటాయి. ట్రైట్జ్ లిగమెంట్ (డ్యుయోడినమ్ ముగిసే చోటు) దాటాక 20 నుంచి 40 సెం.మీ. దగ్గర జెజునం (చిన్నపేగు రెండో భాగం) కోస్తాం. కింది ముక్కను కాలేయం దగ్గరకు తీసుకెళ్ళి హెపాటిక్ డక్ట్‌కు (కాలేయం నుంచి వచ్చే పైత్యనాళానికి) కుడతాం. ఇదే రూ కాలు, పొడవు 40 నుంచి 60 సెం.మీ. పై ముక్కను ఆ కాలి అడుగున పక్కకు కలుపుతాం. అంటే కుట్లు ఉన్న చోట్లు మూడు: పైన పైత్యనాళం కలిసిన చోటు, కింద పేగూ పేగూ కలిసిన చోటు, రూ కాలికి మూసేసిన కొస.

మొదటి రెండు రోజుల్లో రక్తం వస్తే నా అనుమానం ముందు పేగూ పేగూ కలిసిన చోటి మీదకే పోతుంది, అందులోనూ స్టేప్లర్ వాడి ఉంటే. చిన్నపేగు సబ్‌మ్యూకోసాలో (లోపలి పొర కింద ఉండే పొరలో) రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. పలచటి పేగుకు ఎత్తు ఎక్కువున్న కార్ట్రిడ్జ్ వేస్తే పిన్ను ముడుచుకున్నాక కూడా రక్తనాళం నొక్కుకోదు. నీలం కార్ట్రిడ్జ్ పిన్ను మూసుకున్నాక సుమారు 1.5 మి.మీ., తెల్లది 1 మి.మీ. స్టేప్లర్ మూసి, పేల్చే ముందు 15 సెకన్లు ఆగడం, పేల్చాక రంధ్రం మూసే ముందు లోపలి వరసను రిట్రాక్టర్‌తో తెరిచి చూసుకోవడం, కారే చోట 4-0 కుట్టు ఒకటి వేసేయడం. ఈ రెండు నిమిషాల పని మానేసినందుకే చాలాసార్లు అర్ధరాత్రి స్కోప్ అవసరమవుతుంది.

ఇంకొకటి. కుట్లు లేనిచోట కూడా రక్తం రావచ్చు. పైత్యరసం డ్యుయోడినమ్‌లోకి రాకుండా దారి మళ్ళించాం కాబట్టి అక్కడ ఆమ్లాన్ని తటస్థం చేసే క్షారం తగ్గుతుంది. అందుకే డ్యుయోడినల్ అల్సర్‌ను మర్చిపోవద్దు. అది మామూలు గ్యాస్ట్రోస్కోప్‌కే కనిపిస్తుంది.

ఐసీయూ_రాత్రి

బొమ్మ గీస్తూ ఉండగానే పేషెంట్‌కు జరగాల్సినవి జరుగుతూ ఉండాలి. రెండు లావుపాటి క్యాన్యులాలు, క్రాస్‌మ్యాచ్, పల్స్‌ను సిస్టోలిక్ బీపీతో భాగిస్తే 1 దాటిందా అని చూడటం. హిమోగ్లోబిన్ మొదటి కొన్ని గంటల్లో పడదు, దాన్ని చూసి ధైర్యపడొద్దు. హిమోగ్లోబిన్ లక్ష్యం 7 గ్రాములు, గుండెజబ్బు ఉంటే 8. ఇది నిలకడగా ఉన్నవాళ్ళకు మాత్రమే. ధారగా పోతున్నవాళ్ళకు అంకెల కోసం ఎదురుచూడకుండా రక్తం, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు సమానంగా ఎక్కించాలి.

కామెర్లతో ఆపరేషన్‌కు వచ్చినవాళ్ళకు విటమిన్-కె లోపం ఉంటుంది. 10 మి.గ్రా. నెమ్మదిగా ఐవీ. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయపు కొలత) 2.5 లోపు, ప్లేట్‌లెట్లు 50,000 పైన ఉంటే స్కోప్‌కు చాలు. ఐఎన్ఆర్ 1.2కు దిగేదాకా ఆగడం వల్ల టైమ్ పోవడం తప్ప లాభం లేదు. ఎనాక్సాపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్) ఆపాలి. ఇచ్చి 8 గంటలు దాటకపోతే ప్రతి మిల్లీగ్రాముకు 1 మి.గ్రా. ప్రొటమీన్ ఇవ్వొచ్చు, అయితే అది పూర్తిగా విరుగుడు కాదు. ట్రానెక్సామిక్ యాసిడ్ (గడ్డ కరగకుండా చూసే మందు) అలవాటుగా రాసేస్తున్నారు. 2020లో వచ్చిన హాల్ట్-ఐటీ ట్రయల్‌లో జీర్ణనాళ రక్తస్రావంలో దానివల్ల మరణాలు తగ్గలేదు, సిరల్లో గడ్డలు మాత్రం పెరిగాయి. ఇక్కడ దానికి చోటు లేదు.

ఒక ఊరట మాట కూడా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత మొదటిసారి పేగు కదిలినప్పుడు ఒకటి రెండు నల్ల విరేచనాలు అవ్వడం మామూలే. ఆపరేషన్ టేబుల్ మీద లోపల చేరిన పాత రక్తం అది. పల్స్ నిలకడగా ఉండి, మూత్రం బాగా వస్తూ, ఆరు గంటల తేడాతో తీసిన రెండు హిమోగ్లోబిన్లు ఒకేలా ఉంటే స్కోప్ జోలికి పోకండి.

రక్తనాళాల_గది

నేను చెప్పేది ఒక్కటే విషయం, కానీ దయచేసి గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ అయి ఎన్నో రోజు అన్నది ముందు అడగండి.

మొదటి 48 గంటల్లో వస్తే కుట్ల వరస. అయిదారు రోజులు దాటాక, ముఖ్యంగా డ్రెయిన్‌లో పైత్యం కారుతూ, జ్వరం ఉండి, ఆ మీదట రక్తం పడితే అది ధమని అని నిరూపణ అయ్యేదాకా ధమనే. కుడి హెపాటిక్ ఆర్టరీ సరిగ్గా పైత్యనాళం వెనకాల పోతుంది. పైత్యం, చీము తగిలి దాని గోడ తినేసి సూడోఎన్యూరిజం (చిల్లుపడ్డ ధమని పక్కన ఉబ్బే రక్తపు తిత్తి) కడుతుంది. అది రూ కాల్లోకి చిట్లితే ముందు కొంచెం రక్తం పడి ఆగుతుంది. గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాడు, ఒక్కసారిగా లీటర్లలో పోతుంది. ఆ ‘కొంచెం పడి ఆగిపోయింది’ అన్న సమయమే మన చేతిలో ఉండేది.

అప్పుడు స్కోప్ కాదు, సీటీ యాంజియో (సిరలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి రక్తనాళాలను చూసే సీటీ). నోటి ద్వారా కాంట్రాస్ట్ ఇవ్వొద్దు, తెల్లగా నిండిపోయి లీక్ కనపడదు. ప్లెయిన్, ఆర్టీరియల్, పోర్టల్ మూడు ఫేజులూ కావాలి. నిమిషానికి 0.3 నుంచి 0.5 మి.లీ. కారుతున్నా సీటీ పట్టుకుంటుంది. ఆ నిమిషంలో కారకపోయినా ఎన్యూరిజం ఉబ్బు కనిపిస్తుంది. ఆ ఉబ్బు పేగు బయట ఉంటుంది కాబట్టి స్కోప్‌లో కనపడదు, కనపడినా దానిమీద గడ్డను కదిపితే ధార మొదలవుతుంది.

కాయిల్ (ధమనిని మూసే లోహపు తీగ చుట్ట) వేసేటప్పుడు ఎన్యూరిజం దాటి అవతల ఒకటి, ఇవతల ఒకటి. ముందు తలుపు మాత్రమే మూస్తే వెనక నుంచి రక్తం తిరిగొస్తుంది. మూసే ముందు పోర్టల్ వెయిన్ (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర) తెరిచి ఉందా చూడాలి. అది మూసుకుపోయి ఉండగా హెపాటిక్ ఆర్టరీ కూడా మూస్తే కాలేయం చచ్చిపోతుంది. నాళం లావుగా, వంపు తక్కువగా ఉంటే కవర్డ్ స్టెంట్ మేలు, ఎందుకంటే మిగిలిన డక్ట్‌కు ఆ ధమనే ఆధారం. దాన్ని పోగొడితే కొన్ని నెలలకు కుట్టినచోట స్ట్రిక్చర్ (నాళం ఇరుకవడం) వస్తుంది.

పేగుదారి

రక్తనాళాల_గది గారి మాటకు నా ఓటు. అయిదో రోజు దాటిన రక్తానికి సీటీ చూడకుండా నేను స్కోప్ పట్టుకోను.

ఇక తొలి రోజుల సంగతి. పేషెంట్‌ను ఇంట్యూబేట్ చేసి, జనరల్ అనస్తీషియాలో. దీనిమీద బేరాలు వద్దు. పొట్ట నిండా ద్రవం ఉంటుంది, పని గంట పైన పడుతుంది. గాలి వాడొద్దు, కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. కారణం పేగు ఉబ్బడం ఒక్కటే కాదు. పైత్యనాళాన్ని పేగుకు తెరిచి కుట్టాం కదా, ఒత్తిడితో పంపిన గాలి కాలేయం సిరల్లోకి చేరి ఎయిర్ ఎంబాలిజం తెస్తుంది. ఇది ప్రాణం తీసే ప్రమాదం. సీఓ2 రక్తంలో తేలిగ్గా కరిగిపోతుంది. ఎండ్-టైడల్ సీఓ2 (వదిలే ఊపిరిలోని సీఓ2) అకస్మాత్తుగా పడిపోతే స్కోప్ ఆపి, పేషెంట్‌ను ఎడమ పక్కకు తిప్పి, తల దించమని మత్తు డాక్టర్‌కు ముందే చెప్పి ఉంచండి.

ఏ స్కోప్? మామూలు గ్యాస్ట్రోస్కోప్ మీటరు పొడవే, డ్యుయోడినమ్ దాకా సరే. పేగూ పేగూ కలిసిన చోటు ట్రైట్జ్‌కు 20–30 సెం.మీ. లోపే ఉంటే పీడియాట్రిక్ కొలనోస్కోప్ చాలాసార్లు చేరుతుంది. బెలూన్ ఎంటెరోస్కోప్ (బెలూన్‌తో పేగును పట్టుకుంటూ చిన్నపేగు లోతుకు వెళ్ళే స్కోప్) లేని ఆస్పత్రుల్లో ఇదే చక్కటి దారి. అక్కడినుంచి రూ కాలు ఎక్కి పైత్యనాళం దాకా పోవాలంటే మాత్రం బెలూన్ కావాలి. డబుల్ బెలూన్‌ను జపాన్‌లో హిరొనోరి యమమోతో తయారుచేసి 2001లో ప్రచురించారు. మామూలు దాని పొడవు 200 సెం.మీ., పొట్టిది 155 సెం.మీ. దగ్గర్లో. ఈ పనికి పొట్టిదే నయం, ఛానెల్ 3.2 మి.మీ., ఈఆర్‌సీపీ (స్కోప్ ద్వారా పైత్యనాళంలో చేసే పని) సామాన్లు అందులో సరిపోతాయి.

కలిసిన చోటుకు చేరగానే ఆగి చూడండి. మీరు వచ్చిన దారి కాకుండా ముందు రెండు నోళ్ళు కనపడతాయి, ప్యాంటు కాళ్ళలా. ఒకటి కిందికి పోయే పేగు, ఒకటి రూ కాలు. పసుపు పైత్యం ఏ నోట్లోంచి మీ వైపు వస్తోందో అది రూ కాలు. పేగు అలలు కూడా అందులోంచి మీ వైపుకే వస్తాయి, రెండోదాంట్లో మీనుంచి దూరంగా పోతాయి. ఫ్లోరోస్కోపీలో స్కోప్ కొస కుడివైపు పక్కటెముకల కిందికి తిరిగితే సరైన దారి.

రక్తం జాడ ఇలా చదవాలి. డ్యుయోడినమ్ నుంచి ఇక్కడిదాకా శుభ్రం, రూ కాల్లోంచి స్వచ్ఛమైన పసుపు, కిందికే ఎరుపు: తప్పు ఈ కుట్లదే. రూ కాల్లోంచి పైత్యంతో కలిసి ఎరుపు దిగుతోంది: తప్పు పైన ఉంది, డక్ట్ కుట్లు లేదా కాలేయం లోపల. అలాంటప్పుడు తొలిరోజుల్లో నేను పైకి ఎక్కను, సీటీకి పంపుతాను.

ఒక హెచ్చరిక: ముక్కు ట్యూబ్‌లో రక్తం లేదంటే పై రక్తస్రావం లేదనుకుంటారు. రూ కాలి రక్తం పొట్టలోకి వెనక్కి రాదు. ఆ ట్యూబ్ శుభ్రంగా ఉండటం ఇక్కడ దేనికీ రుజువు కాదు.

శస్త్ర_రెసిడెంట్

ధన్యవాదాలు సార్. కుట్ల బలం మూడు నుంచి అయిదు రోజుల మధ్య బాగా తక్కువ అని చదివాం. ఆ సమయంలోనూ క్లిప్ వేయొచ్చా? ఏపీసీతో (ఆర్గాన్ వాయువు మీదుగా కరెంటు పంపి) కాల్చడం తేలిక కదా?

పేగుదారి

వేయొచ్చు, చేయి మెత్తగా ఉంటే. కాల్చడం మాత్రం నాకు ఇష్టం లేదు. చిన్నపేగు గోడ రెండు మూడు మిల్లీమీటర్లు. కొత్త కుట్ల అంచుకు రక్తసరఫరా అసలే తక్కువ. అక్కడ వేడి తగిలిస్తే ఆ రోజు ఆగుతుంది, నాలుగు రోజులకు రంధ్రం పడుతుంది. స్టేప్లర్ పిన్నుల దగ్గర కరెంటు లోహం మీదుగా పాకుతుంది కూడా.

వరస ఇది. స్కోప్ కొసకు 4 మి.మీ. పారదర్శక క్యాప్ పెట్టండి. గడ్డను మోటుగా లాగకుండా గోరువెచ్చని సెలైన్ జెట్‌తో పక్కనుంచి కడగండి. రక్తం, నీళ్ళు కలిసి ఎర్రటి బురదలా అయితే గ్యాస్ ఊదడం మానేసి పారదర్శక జెల్ ఎక్కించండి. జెల్ రక్తంతో కలవదు, కారే చోటు నుంచి సన్నటి ఎర్ర దారంలా రక్తం లేస్తూ కనపడుతుంది. పేగు కూడా ఉబ్బదు.

ధార ఎక్కువగా ఉండి ఏమీ కనపడకపోతేనే అడ్రినలిన్. 1:1000 బలం ఉన్న 1 మి.లీ. ఆంప్యూల్‌కు 19 మి.లీ. సెలైన్ కలిపితే 1:20,000. కారే చోటుకు రెండు మూడు మి.మీ. దూరంలో 0.5 నుంచి 1 మి.లీ. చొప్పున, మొత్తం 5 మి.లీ. దాటొద్దు. ఎక్కువ ఎక్కిస్తే గోడ దిండులా ఉబ్బి క్లిప్ పట్టు దొరకదు. దీని పని ఇరవై నిమిషాలే, ఆలోగా క్లిప్ పడాలి. ఇంజెక్షన్ ఒక్కటే ఇచ్చి బయటికి రావడం చికిత్స కాదు.

క్లిప్ చేతులు తెరిచి, కారే చుక్క రెండు చేతుల మధ్యకు వచ్చేలా ఆనించండి, గుచ్చొద్దు. కొద్దిగా సక్షన్ ఇస్తే కణజాలమే చేతుల్లోకి వస్తుంది. అప్పుడు నెమ్మదిగా మూయండి. వదిలే ముందు అయిదు సెకన్లు చూడండి. కారడం ఆగకపోతే తెరిచి మళ్ళీ పట్టొచ్చు. స్టేప్లర్ పిన్ను మీద పడితే క్లిప్ జారుతుంది, పిన్నుల వరసకు ఒక పక్కన పట్టించాలి. రెండు మూడు క్లిప్‌లు సాధారణంగా చాలు. వలయం చుట్టూ వరసగా పెట్టుకుంటూ పోతే దారే ఇరుకైపోతుంది.

ఓవర్‌ట్యూబ్ (స్కోప్ మీది తొడుగు గొట్టం) బెలూన్‌ను మాత్రం కొత్త కుట్ల మీద గానీ దాటి గానీ ఉబ్బించొద్దు. బెలూన్ ఎప్పుడూ కుట్లకు ఇవతలే.

స్కోప్_అల్మారా

ఎండోస్కోపీ టెక్నీషియన్ల తరఫున కొన్ని మాటలు. కేసు మధ్యలో ‘పొడవు చాలలేదు’ అనే మాట రాకూడదు. 200 సెం.మీ. స్కోప్‌కు సామాను కనీసం 230 సెం.మీ. ఉండాలి. అల్మారాలో ఉన్న క్లిప్, సూది రెండింటి కవర్ మీద పొడవు, ఛానెల్ సైజు పేషెంట్ రాకముందే చదవండి. 2.8 మి.మీ. ఛానెల్‌లో క్లిప్ దూరితే సక్షన్ దాదాపు ఉండదు, కాబట్టి ముందు పీల్చి తర్వాత క్లిప్ పంపాలి.

స్కోప్ లూపుల్లో ఉండగా క్లిప్ సగంలో ఇరుక్కుంటుంది. బలంగా తోస్తే తొడుగు మడత పడుతుంది, ఛానెల్ లోపల చిరుగుతుంది. ఛానెల్‌లో ముందుగా కొద్దిగా సిలికాన్ ఆయిల్ వేయండి. డాక్టర్‌గారిని కొస వంపు తీసి నిటారు చేయమనండి, క్లిప్ బయటికి వచ్చాక వంచుకోమనండి. లూపులో క్లిప్ తిప్పితే వెంటనే తిరగదు, ఆగి ఆగి ఒక్కసారి గిర్రున తిరుగుతుంది. అందుకే హ్యాండిల్ కొంచెం తిప్పి, ఆగి, చూసి మళ్ళీ తిప్పాలి.

డబుల్ బెలూన్ బెలూన్లు లేటెక్స్‌వి. అలర్జీ ఉందేమో అడగండి. సింగిల్ బెలూన్‌ది సిలికాన్.

రక్తం ఆపడానికి స్కోప్‌లోంచి చల్లే పౌడర్ గురించి ఎవరో అడిగేలోపే చెబుతున్నా: క్యాథెటర్ కొస తడి తగిలితే పౌడర్ అక్కడే గడ్డకట్టి మూసుకుపోతుంది. ముందు ఛానెల్‌ను సిరంజి గాలితో ఆరబెట్టాలి. సీఓ2 కేసుల్లో ఆ సిరంజిలోనూ సీఓ2నే నింపుకోండి.

కుట్టుపని

పౌడర్ విషయంలో నాదో అభ్యంతరం. పేగూ పేగూ కలిసిన చోట, వేరే దారి లేనప్పుడు, సరే. డక్ట్ కుట్ల దగ్గర వద్దు. 4–6 మి.మీ. నోరు పౌడర్‌తో, గడ్డతో మూసుకుపోతే కామెర్లు, కొలాంజైటిస్ (పైత్యనాళాల ఇన్ఫెక్షన్).

అలాగే స్కోప్ మీద పట్టుదల కూడా వద్దు. అరగంట కడిగినా కనపడలేదు, లేదా రెండు ప్రయత్నాలయ్యాక మళ్ళీ కారుతోంది, లేదా రక్తం ఎక్కిస్తున్నా బీపీ నిలవడం లేదు. వీటిలో ఏ ఒక్కటైనా పొట్ట తెరవాల్సిందే. మూడో రోజు పొట్టలో అతుకులు (ఆపరేషన్ తర్వాత పేగులు ఒకదానికొకటి అంటుకోవడం) మెత్తగా ఉంటాయి. పేగూ పేగూ కలిసిన చోటు పైకి తీసి, కుట్ల పక్కన చిన్న కోత పెట్టి, గడ్డలు తీసేసి కారే నాళాన్ని కుట్టడం నలభై నిమిషాల పని. అది ఓటమి కాదు. చోటు తెలియకపోతే ఆ కోతలోంచే స్టెరైల్ తొడుగేసిన స్కోప్ పంపి రూ కాలు పైదాకా చూడొచ్చు. రూ కాలి కొసను చర్మం కింద పాతిపెట్టిన యాక్సెస్ లూప్ ఉన్నవాళ్ళలో ఇంకా తేలిక, అక్కడ చిన్న కోతతో నేరుగా కాల్లోకి దిగొచ్చు.

ఆలస్యం ఇంకోలా కూడా దెబ్బ కొడుతుంది. కలిసిన చోట పెద్ద గడ్డ అడ్డుపడితే రూ కాలు, డ్యుయోడినమ్ రెండూ ఉబ్బుతాయి. ఆ ఒత్తిడికి పైన డక్ట్ కుట్లు లీకవుతాయి, ప్యాంక్రియాటైటిస్ వస్తుంది. హిమోగ్లోబిన్ నిలకడగా ఉన్నా కడుపు ఉబ్బి, బిలిరుబిన్, అమైలేజ్ పెరుగుతుంటే ‘రక్తం ఆగింది కదా’ అని కూర్చోకండి.

శస్త్ర_రెసిడెంట్

ఇంకో ప్రశ్న. ఆపరేషన్ అయిన మూడు నాలుగేళ్ళకు నల్ల విరేచనాలతో వచ్చేవాళ్ళకు కూడా ఇదే పద్ధతా?

రక్తనాళాల_గది

కాదు. ఏళ్ళ తర్వాత వస్తే పోర్టల్ వెయిన్ చూడండి. అది సన్నబడినా మూసుకున్నా రక్తం రూ కాలి అతుకుల మీదుగా కాలేయంలోకి దారి వెతుక్కుంటుంది, డక్ట్ కుట్ల చుట్టూ వేరిసెస్ (ఉబ్బిన సిరలు) కడతాయి. గ్యాస్ట్రోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ మామూలుగా ఉండి హిమోగ్లోబిన్ మళ్ళీ మళ్ళీ పడటం దీని లక్షణం. సీటీ తీస్తే పోర్టల్ ఫేజ్‌లో తెలుస్తుంది, ఆర్టీరియల్ ఒక్కటే తీస్తే తప్పిపోతుంది. పోర్టల్ వెయిన్‌లో వైర్ దాటగలిగితే కాలేయం గుండా స్టెంట్ వేయడమే మూలానికి వైద్యం.

పేగుదారి

స్టెంట్ కుదరనప్పుడు ఎంటెరోస్కోప్‌తో సయనోఅక్రిలేట్ జిగురు. లిపియోడాల్‌తో (ఎక్స్‌రేలో కనిపించే నూనె) కలిపి ఒక్కోసారి 0.5 నుంచి 1 మి.లీ. ఇంత పొడవు సూదిలో డెడ్ స్పేస్ (గొట్టం లోపలే నిలిచిపోయే పరిమాణం) ఎక్కువ, ముందే సిరంజితో కొలిచి పెట్టుకోండి. సెలైన్ తగిలితే జిగురు సూదిలోనే గట్టిపడొచ్చు, అందుకే కడగడానికి డిస్టిల్డ్ వాటర్. డక్ట్ నోటికి ఆనుకుని ఉన్న సిరలో ఎక్కించొద్దు. ఈ సిరలకు బ్యాండ్ వేయొద్దు, పలచటి గోడ మొత్తం బ్యాండ్‌లోకి వచ్చేస్తుంది. క్లిప్ కూడా సిరను చీల్చవచ్చు.

ఐసీయూ_రాత్రి

స్కోప్ అయ్యాక: 24 గంటలు నోటికేమీ వద్దు. మొదటి రోజు హిమోగ్లోబిన్ ఆరు గంటలకోసారి. విపరీతమైన నొప్పి, జ్వరం, మెడ దగ్గర చర్మం కింద గాలి చిటపటలాడటం ఉంటే ఎక్స్‌రేతో సరిపెట్టకుండా సీటీ. అమైలేజ్ మర్నాడు ఉదయం ఒకసారి, బెలూన్ ఎంటెరోస్కోపీ వల్ల కూడా ప్యాంక్రియాటైటిస్ వస్తుంది. ఎనాక్సాపారిన్ 48 నుంచి 72 గంటలకు మళ్ళీ మొదలుపెట్టొచ్చు, ఈలోగా కాళ్ళకు కంప్రెషన్ పంపు. గుండెకు స్టెంట్ ఉన్నవాళ్ళ ఆస్పిరిన్ మాత్రం రోజుల తరబడి ఆపి ఉంచొద్దు, కార్డియాలజీ వాళ్ళను అదే రోజు అడగండి.

స్కోప్_అల్మారా

రిపోర్టులో మూడు తప్పకుండా రాయించండి: ట్రైట్జ్ నుంచి ఎంత దూరంలో, ఏ గోడ మీద, ఎన్ని క్లిప్‌లు. క్లిప్ కంపెనీ, మోడల్ పేరు కూడా రాయాలి. డక్ట్ చూడటానికి తర్వాత ఎంఆర్‌సీపీ (పైత్యనాళాల ఎంఆర్‌ఐ) రాస్తారు, ఆ క్లిప్ ఎంఆర్‌ఐకి పనికొస్తుందో లేదో అప్పుడు ఎవరికీ గుర్తుండదు. రక్తం పూర్తిగా ఆగకపోయినా కారే చోటు పక్కన ఒక క్లిప్ వదిలి రండి. యాంజియో టేబుల్ మీద ఫ్లోరోలో ఆ లోహం చుక్క చూసే రక్తనాళాల_గది గారు ఏ కొమ్మలోకి క్యాథెటర్ పంపాలో తేల్చుకుంటారు.

రక్తనాళాల_గది

అవును, ఆ ఒక్క క్లిప్ వల్ల మాకు చాలా పని తప్పుతుంది. ఎటు వెతకాలో తెలియకుండా మెసెంటెరిక్ కొమ్మలన్నీ ఒక్కొక్కటిగా ఇంజెక్ట్ చేస్తూ పోనక్కర్లేదు.